అడుగులేని గంప

పూతలపట్టు,
పుష్యమాసం, బుధవారం

బామ్మర్ది ధనంజయకు,

కుశలం తర్వాత అడుగుతాను. ముందు ఇది చదువు.

నా కొడుకు మునస్వామికి చెవులు కుట్టించిన రోజు నీకు జ్ఞాపకం ఉండాదా? ఉండదు. ఎందుకంటే నువ్వు రాలేదు. పందిరి కింద కంసాలి సూది పెట్టుకొని కూర్చున్నాడు. పీట మీద మేనమామ కూర్చోవాలి, ఆ ఒళ్ళో బిడ్డ కూర్చోవాలి. పీట ఖాళీ. మీ అక్క అలివేలమ్మ వీధి చివరికీ పందిరికీ తిరిగి తిరిగి కాళ్ళు నొప్పి తెచ్చుకుంది. కడకు వక్కాకు అమ్ముకునే ఒక ముసలాయన వరసకు మామ అవుతాడని ఎవరో చుట్టరికం లాగి చెబితే, ఆయన్ను పిలిచి కూర్చోబెట్టినాము. ముక్కూ మొహం తెలియని ఆ ఒళ్ళో నా బిడ్డ గుక్కపట్టి ఏడ్చినాడు. మా దాయాదులు నవ్వినారు. "చెంగయ్యకు బామ్మర్ది లేడా, ఉండీ లేడా?" అని నాకు వినపడేటట్టే అన్నారు. నువ్వు మద్రాసులో డ్రిల్లు మాస్టరు చదువు చదువుతూ, ఆ రోజు ఏదో బంతి పందెం ఉండాదని నిలిచిపోయినావు. ఆ మాట నువ్వే తర్వాత నవ్వుతూ చెప్పినావు. నేను నవ్వలేదు. ఇన్నేళ్ళుగా నవ్వలేదు.

అప్పుడు రాని ఒడి ఇప్పుడు వచ్చింది. మీసాలు వచ్చిన నా కొడుకును ఇప్పుడు ఒళ్ళో పెట్టుకొన్నావు. తిరుపతిలో నీ ఇంట్లో ఉంచుకొని చదివిస్తానంటివి. తాలూకా కచేరీలో కుర్చీ వేయిస్తానంటివి. నమ్మి పంపితిని. నిన్న మా కూడలిలో బస్సు దిగినవాడొకడు, "నీ కొడుకు జీతానికి బంతి ఆడతా ఉండాడంట కదప్పా" అన్నాడు. జీతానికి! బంతి! పొట్టి నిక్కరు వేసుకొని, టిక్కెట్టు కొన్నవాళ్ళ ముందర ఎగురుతాడంట, గడలు పాతి తాడు మీద నడిచేవాళ్ళ మాదిరి. వాళ్ళన్నా పొట్టకు లేక ఆడతారు. నా కొడుక్కి ఏమి తక్కువ? చెరకు ఉండాది, గానుగ ఉండాది, ఎద్దులు ఉండాయి.

గంగ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కడతారు. నేనూ కట్టినాను. అది అమ్మవారి మొక్కు. మొక్కు లేకుండా కట్టేది ఏమి వేషం?

ఇది గానుగ ఆడే కాలం. వాణ్ణి పంపు. నా అక్షరాలు వంకర, మాట వంకర కాదు.

చెంగయ్య


తిరుపతి,
26 జనవరి 1947

పూజ్యులైన బావగారికి ధనంజయ నమస్కారాలు.

మీరు పెన్సిలు ఒత్తి రాసిన చోట కాగితం చిరిగింది. చిరుగులను బట్టే మీ కోపం ఎక్కడెక్కడ పెరిగిందో తెలుసుకున్నాను. చెవులు కుట్టిన నాటి తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కనుక రెండో మాటకే జవాబు రాస్తున్నాను.

మునస్వామి ఆడుతున్నది గడల ఆట కాదు. రెండు కొసల రెండు స్తంభాలు, ఒక్కో దాని మీద ఇనుప వలయం, వలయానికి అడుగులేని వల. బంతిని ఎగరేసి అందులో వేయాలి. నేను బడిలో ఎందరికో నేర్పాను. బడి దాటగానే ఆ పిల్లలు ఆట మరిచిపోయి దుకాణాల్లో పొట్లాలు కడుతున్నారు. అది చూడలేక నలుగురు పెద్దమనుషుల కాళ్ళావేళ్ళా పడి నాలుగు జట్లు కట్టించాను. తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, సత్యవేడు. ఆడేవాడికి వారం జీతం. ఒకరి ఊరికి ఒకరు వెళ్ళి ఆడతారు. చివరికి మిగిలిన రెండు జట్లు ఉగాది వెళ్ళాక చిత్తూరులో తేల్చుకుంటాయి. మన వైపు ఇలాంటి పని ఎవరూ చేయలేదు, బావా. అందుకే నాకు నిద్ర పట్టడం లేదు.

కష్టాలు లేవని చెప్పను. యుద్ధం ముగిసినా పెట్రోలు దొరకదు. బొగ్గు బస్సులో బయలుదేరితే మిట్ట వచ్చినప్పుడల్లా ఆటగాళ్ళే దిగి తోయాలి. ఊరు చేరేసరికి సగం ఆట అయిపోయినట్టే ఉంటుంది. రేషనులో దొరికిన కంట్రోలు బట్టతో చిత్తూరు జట్టుకు ఎర్ర బనీన్లు కుట్టించాం. చెమటకు రంగు కారి, ఆట ముగిసేసరికి అందరూ పసుపు కుంకుమల్లో పొర్లి వచ్చినవాళ్ళలా తయారయ్యారు. మంచి బంతి ఒక్కటే ఉంది. దాని లోపలి తిత్తికి సైకిలు షాపువాడు వేసిన అతుకులే ఎక్కువ.

సత్యవేడులో ఇడ్లీలు అమ్మే తాయమ్మ అనే ముసలామె ఆట మొత్తం చూసి నన్ను పిలిచింది. "ఏమప్పా, గంపకు అడుగే లేదు కదా, ఎన్నిసార్లు పోసినా యాడ నిలుస్తాది? అల్లినోడెవుడో సగంలో లేసి పోయినట్టుండాడే!" అంది. అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల దీని పేరు గంపబంతి అయిపోయింది. పెద్దమనుషులు పెట్టిన ఇంగ్లీషు పేరు ఎవరి నోటా లేదు.

మునస్వామిని పంపమన్నారు. అడిగాను. "నాయనకు చెప్పు మామా, నేను తాగి తిరగడంల్యా, ఆడతా ఉండాను" అన్నాడు. అంతకు మించి నేనేమి చెప్పను? వాడు ఎగిరితే దిగే సంగతి మరిచిపోయాడేమో అనిపిస్తుంది. అక్కకు నమస్కారాలు.

ధనంజయ


పూతలపట్టు,
మాఘమాసం, శనివారం

బామ్మర్దికి,

మీ అక్క నీ ఉత్తరం నా చేత రెండు సార్లు చదివించుకుంది. బనీను రంగు కారిన కాడ పమిట అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె నవ్విందని నేను ఊరుకుందామనుకొన్నాను. ఇప్పుడు ఊరుకోను.

నిన్న బెల్లం బండి తోలుకొని చిత్తూరు పోయినాను. మా నాయన కాలం నుంచి మునిరత్నం చెట్టి మండీకే మేము బెల్లం వేస్తాము. ఎప్పుడు పోయినా గోనెసంచి మీద కూర్చోమనే మనిషి, నిన్న కుర్చీ వేయించినాడు. "రా చెంగయ్యా, రా రా! మన గంపబంతి మునస్వామి వాళ్ళ నాయన వచ్చినాడు, కాఫీ తెప్పియండ్రా" అని అరిచినాడు. నీ దగ్గర దాచడం దేనికి, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నా వీపు నిటారుగా నిలిచింది. కాఫీ తాగితిని. తాగే వరకు ఆగి చెట్టి చెప్పినాడు:

"మొన్న ఆటలో నేను జరీ తువ్వాలు సదివిస్తినప్పా. ఆట ఆపేసి రేకు గొట్టంలో నా పేరు పిలిసినారు. నీ కొడుకు పరిగెత్తుకోని వచ్చి, నా ముందర వంగి దండం పెట్టి, తువ్వాలు మెడకేసుకోని పోయినాడు. ఏం ఒద్దిక, ఏం ఒద్దిక! బాగా పెంచినావయ్యా కొడుకును."

మండీలో ఉన్నవాళ్ళందరూ నన్ను చూసి తల ఊపినారు. మెచ్చుకోలుగానే ఊపినారు. గ్లాసు కింద పెట్టి లేచినాను.

వీధినాటకంలో చదివింపులు నాకు తెలియనివి కావు. యుద్ధం మధ్యలో రాజు నిలిచిపోతాడు. "ఫలానా వారు రూపాయి చదివించినారు, వారి వంశం వర్ధిల్లాలి" అని హాస్యగాడు కేక వేస్తాడు. రాజు కిరీటంతోనే వంగి దండం పెడతాడు. నేనూ చదివించినాను, నా పేరు నేను విని సంతోషపడినాను. వంగినవాడు ఎవరి బిడ్డో నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

తూకం కాడ నేను ఆ చెట్టికి ఏనాడూ తల వంచలేదు. ధర నచ్చకపోతే బండి తిప్పుకొని వచ్చినవాణ్ణి. నిన్న ధర అడగకుండా బెల్లం దించేసి, ఎవరి మొహమూ చూడకుండా వచ్చేసినాను.

ఇది నిజమా? బొగ్గు బస్సు రాసినావు, తిత్తికి అతుకులు రాసినావు, ముసలామె ఎగతాళి రాసినావు. ఇది ఎందుకు రాయలేదు?

చెంగయ్య


తిరుపతి,
14 ఫిబ్రవరి 1947

బావగారికి,

నిజమే. రాయలేదు, సిగ్గేసి.

సత్యవేడులోనే మొదలైంది. టిక్కెట్టు కొని లోపల కూర్చున్నవాళ్ళ కంటే బయట చింతకొమ్మల మీద కూర్చున్నవాళ్ళే ఎక్కువ. జీతాలు ఎలా ఇవ్వాలో తెలియక పెద్దమనుషులు ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. జనాన్ని పిలవడానికి మునెయ్య అనే వీధినాటకాల హాస్యగాణ్ణి పెట్టుకున్నాను. రేకు గొట్టంలో అరవడం అతని పని. ఆట మధ్యలో ఒక ఆసామి లేచి, చేతిలో నోటు ఊపుతూ, "మునెయ్యా, నా పేరు సదువు!" అన్నాడు. మునెయ్య అలవాటు కొద్దీ చదివేశాడు, వంశం వర్ధిల్లాలని కూడా అన్నాడు. ఆటగాళ్ళు కొయ్యబారిపోయారు. మునెయ్యను కోప్పడదామని, ఆటకు తీర్పరిగా ఉన్న నేను ఈల ఊదాను. జనం ఏమనుకున్నారో తెలుసా? చదివింపు వచ్చినప్పుడు ఈల ఊదడం ఈ ఆట పద్ధతి కాబోలు అనుకున్నారు. వెంటనే ఇంకొకాయన లేచాడు.

మరుసటి ఆటకు బండ్లు కట్టుకుని వచ్చారు. బంతి చూడటానికి కాదు, తమ పేరు తాము వినడానికి. ఆ రాబడితోనే జీతాలు నడిచాయి. అప్పుడు నేను కూర్చుని ఒక నియమం రాశాను. చదివింపు వస్తే ఈల. ఈల వేస్తే బంతి ఆగాలి. ఎవరి పేరు మీద చదివించారో ఆ ఆటగాడు వెళ్ళి దండం పెట్టాలి. అదే సమయంలో అంతకంటే పెద్ద చదివింపు వస్తే చిన్నదాన్ని వదిలి పెద్దదానికే వెళ్ళాలి. తర్వాత బంతిని ఇద్దరి మధ్య పైకి ఎగరేసి ఆట మళ్ళీ మొదలుపెట్టాలి. ఆట పుస్తకంలో లేని ఈ నియమాన్ని నా చేత్తో నేను రాశాను. మద్రాసులో నాకు నేర్పిన గురువు చూస్తే నా మెడలో ఈల తెంపేస్తాడు.

మునస్వామి మొదట వంగలేదు. నిలబడి తల మాత్రం ఊపాడు. ఆ ఆసామికి కోపం వచ్చి బండ్లు తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ వారం ఎవరికీ జీతం లేదు. పుత్తూరు పిల్లవాడొకడు మంచినీళ్ళు తాగి ఆడటం చూసి మునస్వామి నా దగ్గరికి వచ్చాడు. "వాళ్ళ పొట్ట కొట్టి నేను నిటారుగా నిలబడేది ఏం బాగుంటాది మామా? వంగుతా. నాయనకు మాత్రం తెలీకూడదు" అన్నాడు. ఆ మాట నిలబెట్టడానికి కూడా మీకు రాయలేదు.

చిత్తూరులో చివరి ఆట తిరుపతికీ చిత్తూరుకూ పడింది. ఉగాది వెళ్ళిన ఆదివారం. ఒక్కసారి వచ్చి చూడండి బావా. వాడు వంగాడని విన్నారు. ఎగరడం చూడలేదు.

ధనంజయ


పూతలపట్టు,
ఉగాది ముందర సోమవారం

బామ్మర్దికి,

రాను. చూసి వచ్చినాక కూడా నేను ఇదే మొహంతో ఈ ఊళ్ళో తిరగాలి.

మీ అక్క నాతో మాట్లాడటం మానేసి బెల్లం పెనంతో మాట్లాడుతూ ఉండాది. "కొడుకు ఎగిరేది సూడ్డానికి లెయ్యని కాళ్ళు, జాతరలో సీర కట్టుకోని ఎగరడానికి మాత్రం భలే లేసినాయి" అని పాకానికి చెబుతుంది, నాకు వినపడేటట్టు. పాకం ఆమెకే వంత పాడుతూ పొంగుతుంది.

మళ్ళీ పిలవొద్దు.

చెంగయ్య


తిరుపతి,
2 ఏప్రిల్ 1947

బావా,

రానని కార్డు రాసి, వచ్చారు. బండ్ల వెనక నల్ల కంబళి కప్పుకుని నిలబడ్డారట. నాకు తెలియదు. తెలిసి ఉంటే ఏమి చేసేవాణ్ణో అదీ తెలియదు. మీరు మధ్యలో వెళ్ళిపోయారు కాబట్టి మిగిలింది నేను చెప్పాలి. జరిగింది నేను నిలబడ్డ చోటు నుంచి ఎలా కనిపించిందో కూడా మీకు చెప్పాలి.

మన జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. గడియారం నా చేతిలో ఉంది, ఆట అయిపోవచ్చింది. మునస్వామి చిత్తూరువాడి చేతిలో బంతి లాక్కుని పరిగెత్తాడు. ముందర ఒక్కడూ లేడు. జనమంతా లేచి నిలబడ్డారు. బావా, పెద్దమనుషులు, చింతకొమ్మల మీది వాళ్ళు, ఇడ్లీల తాయమ్మ, అందరూ ఆ ఒక్క క్షణం పేర్లు మరిచిపోయి బంతినే చూశారు. నేను ఈ జట్లు కట్టించింది ఆ ఒక్క క్షణం కోసమే.

అప్పుడు మునెయ్య గొట్టం మోగింది. మునిరత్నం చెట్టిగారు మునస్వామికి జరీ శాలువా చదివించారు. నియమం నాది. ఈల నాది. ఊదాను.

వాడు బంతి కింద పెట్టి చెట్టి వైపు నడిచాడు. సగం దూరం వెళ్ళాడో లేదో మళ్ళీ గొట్టం మోగింది. "అంతకు మించీ... పూతలపట్టు గానుగ చెంగయ్యగారు... తన నాయన తొడిగిన వెండి కడియం సదివించినారహో! వారి వంశం వర్ధిల్లాలి!" మునెయ్యకు ఆ వంశం ఎవరిదో తెలియదు.

మునస్వామి ఆగిపోయాడు. తిరిగాడు. బండ్ల వైపు వచ్చాడు. చెట్టికి వంగినట్టు వంగలేదు. దుమ్ములో బోర్లా పడుకుని సాష్టాంగం చేశాడు. కడియం పెద్దది కాబట్టి దండం కూడా పెద్దది పెట్టాడనుకున్నారు జనం. ఈలలు వేశారు, చిల్లర విసిరారు. "ఇంగోసారి పడుకోరా, నేనూ సదివిస్తా!" అని ఎవడో అరిచాడు, అందరూ నవ్వారు. వాడు లేచి మీతో ఏదో అన్నాడు. అది నాకు వినపడలేదు. మీరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. కడియం నేల మీదే ఉంది.

నేను బంతిని పైకి ఎగరేశాను. మునస్వామి ఎగరలేదు. చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడ్డాడు. చిత్తూరువాడు బంతి తీసుకుపోయాడు. ఓడిపోయాం.

ఆ రోజు నుంచి వాడు బంతి ముట్టలేదు. మా ఇంట్లోనే ఉన్నాడు, అన్నం పెడితే తింటాడు. బెంగుళూరులో ఒక బట్టల మిల్లువాళ్ళు తమ జట్టులో ఆడటానికి పని ఇస్తామన్నారు. ఇక్కడి గంగ జాతర కాగానే వెళ్ళిపోతానంటున్నాడు. "మళ్ళీ ఎప్పుడొస్తావురా?" అంటే గోడ వైపు తిరుగుతాడు. వెళితే వాడు ఈ దారిన మళ్ళీ రాడని నాకు భయంగా ఉంది.

ఆ నియమం కాగితం చించేశాను. చదివింపులు లేకపోతే మేమూ లేమని సత్యవేడు, పుత్తూరు జట్ల పెద్దమనుషులు చెప్పేశారు. మిగిలింది రెండు జట్లు, అతుకుల బంతి. మునెయ్య ఏడుస్తూ కడియం తెచ్చి ఇచ్చాడు. ఏమి చెయ్యమంటారు?

వాడు మీతో ఏమన్నాడు? మీరెందుకు ఆ పని చేశారు?

ధనంజయ


పూతలపట్టు,
చైత్రమాసం, ఆదివారం

బామ్మర్ది ధనంజయకు,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చొని లేచి, కూర్చొని లేచి, పెన్సిలు సగం అరిగింది.

బండికి ఇరుసు కొనాలని మీ అక్కకు చెప్పి చిత్తూరు వచ్చినాను. టిక్కెట్టు కొన్నాను, దొంగతనంగా చూడలేదు. ఎండాకాలంలో కంబళి కప్పుకొని నిలబడితే పక్కనున్నవాడు, "ఏం తాతా, సలిజొరమా?" అన్నాడు. అవునంటిని.

ఆట మొదట్లోనే వాడు ఎగిరినాడు. పాకం పొంగి పెనం అంచు కాడికి వచ్చి ఒక్క క్షణం నిలుస్తుంది కదా, పొర్లదు, దిగదు. వాడు పైన అట్లా నిలిచినాడు. నేను పుట్టినప్పటి నుంచి నేలను చూసి బతికినవాణ్ణి. నా బిడ్డ అంత పైన ఉండాడని నాకు తెలియదు. "ఎవురి బిడ్డప్పా వాడు, ఇట్లా ఎగరతాడు!" అన్నాడు ఆ పక్కవాడే. నాది అని చెప్పడానికి నోరు తెరిచినాను. కంబళి అడ్డం వచ్చింది.

ఆట ముగిసేటప్పుడు చెట్టి శాలువా పట్టుకొని లేచినాడు. నా కొడుకు మళ్ళీ ఆ మండీ మనిషి ముందర వంగుతాడు, నేను నిలబడి చూడాలి. పెద్ద చదివింపు వస్తే చిన్నదాన్ని వదిలేయాలని నువ్వే రాసి ఉంటివి. కడియం లాగి ఎత్తి పట్టి, మునెయ్యకు నా పేరు కేక వేసి చెప్పినాను. ఎన్నేళ్ళుగానో తీయనిది, చేతి తోలు లేచింది. చెట్టికి వంగకుండా ఆపుదామని మాత్రమే అనుకొన్నాను. వాడు నాకు వంగాల్సి వస్తుందని నాకు తోచలేదు.

తోచలేదని రాసినాను. ఆ మాట మళ్ళీ చదువుకుంటే నాకే నమ్మకంగా లేదు. గొట్టంలో నా పేరు వినపడినప్పుడు, మండీలో కుర్చీ వేసిన రోజు మాదిరి నా వీపు నిటారు అయింది. అది నాకు తెలుసు. వాడు చెట్టిని వదిలి నా వైపు తిరిగినప్పుడు కంబళి కూడా తీసేసినాను, అందరూ చూడనీ అని. ధనంజయా, చెట్టి తువ్వాలుతో చేసిన పనే నేను మా నాయన కడియంతో చేసినాను. చెట్టి పరాయివాడు. ఇంకెవరి తప్పూ ఇందులో వెతకడానికి నాకు దొరకలేదు. మొదట నీ మీద వేద్దామని చూసినాను.

వాడు దుమ్ము మొహంతో లేచి నాతో ఏమన్నాడని అడిగినావు. వాడు చెప్పలేదంటే నా పరువు కాపాడినాడు. నేను చెబుతాను. "ఇంట్లో నీకు మొక్కేది సాల్లేదా నాయనా? ఈడ గూడా కొనుక్కోవాల్నా?" అన్నాడు.

బస్సు ఎక్కలేదు. పూతలపట్టు దాకా నడిచినాను. మీ అక్క వాకిట్లో నిలబడి, "ఇరుసు యాడ?" అంది. నీళ్ళ చెంబుకు చెయ్యి చాపినాను. చెయ్యి చూసింది. కడియం ఉండిన కాడ తెల్లగా వలయం. "కడియం యాడ?" అంది. పడిపోయిందన్నాను. "యాడ పడిందో నాకు తెలుసులే. నీకంటే ముందర బండ్లోళ్ళు సెప్పుకుంటా పోయినారు. గానుగ చెంగయ్య కొడుకును దుమ్ములో పండబెట్టినాడంట" అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను చేసిన పని రాస్తాను. ఈ ఏడు గానుగ ఆడటం ముగిసింది. గానుగ తిరిగిన నేలను చదును చేసినాను, నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టినాను. రెండు కొసల రెండు తాటిదూలాలు పాతినాను. మీ అక్క గంప ఒకటి తీసుకొని అడుగు కొట్టేసినాను. ఆమె చూసి, "బంగారట్లా గంపను పాడు సేస్తివే!" అని కేక వేసింది. ఎందుకో చెప్పినాను. లోపలికి పోయి ఇంకొకటి తెచ్చింది. "ఒకటేం సాలుతాది? రెండు కావాలంట కదా, ఇది గూడా కొట్టు" అంది. గంపలు ఎంత ఎత్తులో కట్టాలో నాకు తెలియదు. దూలాల పక్కన నేల మీదే పెట్టి ఉండాయి.

మిగిలిన రెండు జట్లనూ ఈడకు తీసుకొని రా. అందరికీ భోజనం మా ఇంట్లో. టిక్కెట్టు పెట్టు, నేనూ కొంటాను, గోనెసంచి మీద కూర్చుంటాను. మునెయ్య రావచ్చు, తినవచ్చు, గొట్టం మాత్రం తీసుకొని రాకూడదు. ఎవడన్నా లేచి పేరు చదవమన్నాడంటే ఎద్దుల ముల్లుకర్ర నా చేతిలోనే ఉంటుంది. కడియం అమ్మి మంచి బంతి కొను. ఎవరిచ్చినారని అడిగితే చెప్పొద్దు. మునస్వామికి కూడా చెప్పొద్దు.

వాడికి నేను క్షమించమన్నానని చెప్పొద్దు. తండ్రి కొడుకుతో ఆ మాట ఎట్లా అంటాడో నేను ఎవరి దగ్గరా వినలేదు, నాకు రాదు. ఒక్కటి మాత్రం అడుగు. గంపలు ఎంత ఎత్తులో కట్టాలో వచ్చి చూపిస్తాడా, చూపించడా? చూపించి బెంగుళూరు పోతానంటే పోనీ. ఎద్దుల బండిలో నేనే రైలు కాడికి దించుతాను. చూపించకుండా పోతే ఆ దూలాలు అట్లాగే నిలబడి ఉంటాయి, నేను పొద్దున లేస్తే వాటి మొహమే చూడాలి.

తిరుపతిలో గంగ జాతర చాటింపు వేస్తే ఊళ్ళోవాళ్ళు జాతర ముగిసే దాకా పొలిమేర దాటకూడదు. ముగిసిన మరునాడు వాడు బెంగుళూరు బండి ఎక్కుతాడు. కాబట్టి నాకు ఉండే గడువు చాటింపుకు వారం ముందర వచ్చే మంగళవారం. ఆ మంగళవారం పొద్దు గుంకే లోపల వాడి జవాబు నా చేతిలో ఉండాలి. నీ అక్షరాల్లో వద్దు. వస్తానో రానో వాడినే రాయమను.

చెంగయ్య